‘సౌర ఉష్ణ విద్యుత్తు’ అనాలా, ‘కేంద్రీకృత సౌర విద్యుత్తు’ అనాలా?

సందేహం: సూర్యుడి వేడితో కరెంటు తీసే విధానం గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. దీన్ని ఒకచోట ‘సోలార్ థర్మల్ విద్యుత్’ అన్నారు, ఇంకోచోట ‘సౌర తాప శక్తి’ అన్నారు, మరోచోట ‘కేంద్రీకృత సౌర విద్యుత్తు’ అన్నారు. ఏది సరైనది? నేను రాసుకున్న వాక్యం ఇది: “అద్దాలు సూర్యకిరణాలను ప్రతిబింబించి, గోపురం మీది కరిగిన ఉప్పును 565 డిగ్రీల వేడికి తీసుకొస్తాయి, ఈ కేంద్రం ఏడాదికి 50 మెగావాట్లు ఉత్పత్తి చేస్తుంది.” తప్పులుంటే చెప్పండి.

సమాధానం: ‘సౌర ఉష్ణ విద్యుత్తు’ అని రాయండి. ఎందుకో విగ్రహవాక్యం చెప్పుకుంటే తెలుస్తుంది. సౌరమైన ఉష్ణం వలన పుట్టే విద్యుత్తు. అక్కడ జరిగేదీ అదే: అద్దాలు ఎండను ఒకచోటికి చేరుస్తాయి, ఆ వేడికి నీరు ఆవిరవుతుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. ‘కేంద్రీకృత సౌర విద్యుత్తు’ను కూడా ఇలాగే విప్పి చూడండి. కేంద్రీకృతమైన విద్యుత్తు అని వస్తుంది. కేంద్రీకృతమైంది ఎండ కదా, విద్యుత్తు కాదు! పైగా ‘కేంద్రీకృత పాలన’ వంటి వాడుకలకు అలవాటుపడ్డ చెవికి, ఇది అందరికీ ఒకేచోటి నుంచి కరెంటు పంచే ఏర్పాటులా వినిపిస్తుంది. ‘సాంద్రీకృత’ అని మార్చినా చిక్కు తీరదు. విశేషణం అప్పుడూ విద్యుత్తునే పట్టుకుని ఉంటుంది.

‘థర్మల్ విద్యుత్ కేంద్రం’ అనగానే పాఠకుడికి బొగ్గు, పొగగొట్టం గుర్తొస్తాయి. ముందు ‘సోలార్’ చేర్చినా ఆ మసి వదలదు. ‘తాప విద్యుత్ కేంద్రం’ కూడా బొగ్గు కేంద్రానికే స్థిరపడింది. మిగతాచోట్ల తాపం అంటే పరితాపం, మనస్తాపం. ‘సౌర ఉష్ణ శక్తి’ తప్పేమీ కాదు గానీ, నీళ్లు కాచే సోలార్ హీటరూ దాని కిందికే వస్తుంది. కరెంటు సంగతి చెబుతున్నప్పుడు ‘విద్యుత్తు’ అన్న మాట పేరులో ఉండి తీరాలి. గుణసంధి చేసి ‘సౌరోష్ణ విద్యుత్తు’ అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది. చదివేవాడు తడబడతాడు కాబట్టి విడదీసి రాయడమే మేలు.

ఇళ్ల మీద కనిపించే సౌర ఫలకాలకూ దీనికీ ఉన్న తేడాను వ్యాసం మొదట్లోనే చెప్పండి. ఇందుకు తెలుగులో చక్కని మాటల జంట సిద్ధంగా ఉంది: వెలుతురు, ఎండ. మబ్బు పట్టిన రోజున వెలుతురు ఉంటుంది, ఎండ ఉండదు. ఫలకాలు మబ్బుల్లో చెదిరి వచ్చే వెలుతురుతోనూ కొంత కరెంటు ఇస్తాయి. అద్దాల కేంద్రానికి మాత్రం సూర్యబింబం నుంచి నేరుగా వచ్చే కిరణాలే కావాలి, నలుదిక్కుల నుంచీ వచ్చే వెలుతురును ఏ అద్దమూ ఒక బిందువుకు చేర్చలేదు. కాబట్టి ‘సూర్యకాంతి లభ్యత’ అని ఊరుకోకుండా ‘నేరుగా పడే ఎండ’ అనండి. దాన్ని కుదించి ‘నేరెండ’ అని కొత్త మాట కట్టాలని మాత్రం చూడకండి. అది ‘నీరెండ’కు మరీ దగ్గరగా ఉంది. నీరెండ అంటే పొద్దునా సాయంత్రమూ కాసే తేలికపాటి ఎండ, అంటే ఈ కేంద్రానికి అంతగా పనికిరానిది.

ఇక మీ వాక్యానికి వద్దాం. ‘ప్రతిబింబించి’ కుదరదు. ప్రతిబింబించడం అంటే రూపం కనిపించడం. కిరణాలు తగిలి వెనుదిరగడం పరావర్తనం. ‘అద్దాలు కిరణాలను పరావర్తనం చెందించి’ అనవచ్చు, లేదా హాయిగా ‘అద్దాలు ఎండను గోపురం మీదికి మళ్లించి’ అనవచ్చు. నాకు రెండోదే నచ్చుతుంది. ‘అద్దం’ దగ్గర మరో జాగ్రత్త ఉంది. కిటికీ అద్దం కూడా అద్దమే కదా! కొన్ని కేంద్రాల్లో ఎండను అందుకునేది ఉక్కు గొట్టం, దాని చుట్టూ గాజు గొట్టం, రెండింటి మధ్య శూన్యం. దాన్ని ‘అద్దపు గొట్టం’ అంటే ఎండను మళ్లించే గొట్టం అనుకునే ప్రమాదం ఉంది. మళ్లించేదానికి అద్దం, కాంతిని లోపలికి పోనిచ్చేదానికి గాజు అని వ్యాసమంతా ఒకే పద్ధతి పాటించండి.

గోపురం చుట్టూ నిలిపే ఒక్కో అద్దాన్ని హీలియోస్టాట్ అంటారు. దీన్ని ‘సూర్యాభిముఖ దర్పణం’ అంటే పొరపాటు. అది సూర్యుడికేసి చూడదు, గోపురంకేసీ చూడదు. ఆ రెండు దిశలకూ సరిగ్గా మధ్యకు చూస్తుంది. అందుకే సూర్యుడు 10 డిగ్రీలు జరిగితే అద్దం 5 డిగ్రీలే తిరగాలి. సూర్యాభిముఖంగా నిలిపితే ఎండ వచ్చిన దారినే తిరిగి ఆకాశంలోకి పోతుంది. ‘హీలియోస్టాట్’ అనే ఉంచి, మొదటిసారి వాడినప్పుడు ‘ఎండ ఎప్పుడూ గోపురం మీదే పడేలా మెల్లగా తిరిగే అద్దం’ అని వివరించండి చాలు.

గోపురం లేని కేంద్రాల్లో అద్దాన్ని పరావలయ (పారాబోలా) ఆకారంలో వంచి పొడవుగా పరుస్తారు. దీనికి ‘పరావలయ ద్రోణి’ అన్న పేరు శాస్త్రరీత్యా సరిపోతుంది. కానీ ‘ఉపరితల ద్రోణి’ పుణ్యమా అని ఆ మాట వానలకు అంకితమైపోయింది. దాని తద్భవమైన ‘దోనె’ను వాడి ‘దోనె ఆకారపు పరావలయ దర్పణాలు’ అనండి. వీటి గొట్టాల్లో సాధారణంగా పారేది సింథటిక్ నూనె. సుమారు 400 డిగ్రీలు దాటితే అది విచ్ఛిన్నమవుతుంది కాబట్టి, మీ 565 అంకెను వీటికి అంటగట్టకండి.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది ‘కరిగిన ఉప్పు’తోనే. తెలుగులో కరగడం రెండు పనులకూ ఒకటే మాట: మంచు వేడికి కరుగుతుంది, ఉప్పు నీళ్లలో కరుగుతుంది. పక్కన ‘ఉప్పు’ ఉంటే పాఠకుడి మనసు రెండో అర్థానికే పోతుంది, ఉప్పునీళ్లు అనుకుంటాడు. ఇక్కడ నీటిచుక్క లేదు. ఎండ వేడిని దాచుకోవడానికి వాడే, వేడికే ద్రవమైన లవణం ఇది. ‘ద్రవ లవణం’ అనండి. ‘లవణ ద్రావణం’ అని పొరపాటున కూడా అనకండి, మళ్లీ నీళ్లు వచ్చి చేరతాయి. ‘ఉప్పు’ బదులు ‘లవణం’ అనడానికీ కారణం ఉంది. ఇది వంటింటి సోడియం క్లోరైడ్ కాదు; బరువులో 60 పాళ్లు సోడియం నైట్రేట్, 40 పాళ్లు పొటాషియం నైట్రేట్ కలిపిన మిశ్రమం. రెండోది మనం సూరేకారం అని పిలిచేదే.

ఈ మిశ్రమాన్ని పట్టిపీడించే సమస్యకు తెలుగులో మంచి క్రియ ఉంది. 240 డిగ్రీల దరిదాపులకు దిగితే ఇది గట్టిపడటం మొదలవుతుంది. ‘గడ్డకట్టడం’ అంటే చలి గుర్తొస్తుంది. ‘పేరుకోవడం’ అంటే చలికాలపు నెయ్యిలా, ఉండాల్సిన వేడి తగ్గి గట్టిపడటం అని వెంటనే తడుతుంది. గొట్టంలో లవణం పేరుకుంటే దారి మూసుకుపోతుంది. అందుకే పొద్దు వాలాక గోపురం మీది గొట్టాల్లోంచి దాన్ని కింది ట్యాంకులోకి దింపేస్తారు, మిగతా గొట్టాలకు వేడిచేసే విద్యుత్ తీగలు చుట్టి ఉంచుతారు. ట్యాంకులు రెండు. ఒకదాంట్లో సుమారు 565 డిగ్రీలు, రెండోదాంట్లో సుమారు 290. ఈ రెండోదాన్ని కొందరు ‘చల్లని ట్యాంకు’ అని రాస్తున్నారు. చెయ్యి పెట్టి చూడమనండి! ‘తక్కువ ఉష్ణోగ్రత ట్యాంకు’ అంటే సరిపోతుంది. ‘565 డిగ్రీల వేడి’ మాటల్లో చెల్లుతుంది. సాంకేతిక వ్యాసంలో డిగ్రీలు ఉష్ణోగ్రతకే రాయాలి, నిల్వ ఉండేది ఉష్ణం.

చివరి ముక్క ‘ఏడాదికి 50 మెగావాట్లు’ మాత్రం భాషాదోషం కాదు, లెక్కదోషం. మెగావాట్ కేంద్రం సామర్థ్యాన్ని చెబుతుంది. దానికి ‘గంటకు’, ‘రోజుకు’, ‘ఏడాదికి’ అని తగిలించకూడదు. 50 మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో ఒక గంట నడిస్తే 50 మెగావాట్-గంటలు వస్తాయి, బిల్లు భాషలో 50,000 యూనిట్లు. ఉష్ణ విద్యుత్తులో ఇంకో మెలిక ఉంది: అది ఉష్ణమా, విద్యుత్తా అన్నదీ చెప్పాలి. స్పెయిన్‌లోని ఆందసోల్-1 సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రంలో 28,500 టన్నుల లవణం సుమారు 1,010 మెగావాట్-గంటల ఉష్ణాన్ని దాచుకుంటుంది. దాంతో 50 మెగావాట్ల టర్బైన్ నడిచేది ఏడున్నర గంటలు, అంటే చేతికొచ్చే విద్యుత్తు 375 మెగావాట్-గంటలే. ‘ఉష్ణం’, ‘విద్యుత్తు’ అన్న మాటలు తీసేస్తే ఈ రెండు అంకెలూ ఒకదాన్నొకటి అబద్ధమంటాయి. ఇక్కడే ‘సామర్థ్యం’ మాట కూడా జారుతుంది. పాఠ్యపుస్తకాల్లో అది మెగావాట్లలో కొలిచేదానికి పేరు. ఉష్ణంలో ఎంత భాగం విద్యుత్తుగా మారిందో చెప్పడానికి ‘దక్షత’ ఉంది, దాన్నే వాడండి.

విద్యుత్, విద్యుత్తు రెండూ కలిపి రాస్తున్నారు కాబట్టి ఆ మాట కూడా. విడిగా వచ్చినప్పుడు ‘విద్యుత్తు’, సమాసంలో ముందు వచ్చినప్పుడు ‘విద్యుత్’: సౌర ఉష్ణ విద్యుత్తు, సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రం.