కంప్యూటర్‌లో రేసులు ఆడిన కుర్రాడు నిజంగా అమెరికాలోని పెద్ద కార్ రేసుల పోటీ నాస్కార్‌ దాకా వెళ్లగలడా?

వెళ్లగలడు. విలియం బైరన్‌నే చూడండి. 1997లో అమెరికాలోని షార్లెట్‌లో పుట్టాడు. పేరున్న డ్రైవర్లలో చాలామంది ఐదారేళ్లకే గో-కార్ట్ ఎక్కితే, ఇతను టీనేజ్‌లో ఐరేసింగ్ అనే కంప్యూటర్ సిమ్యులేటర్ మీద లైన్లు (మలుపుల్లో కారు పట్టాల్సిన దారి), బ్రేకింగ్ నేర్చుకున్నాడు. ఆ తర్వాతే లెజెండ్స్ అనే చిన్న కార్లతో అసలు ట్రాక్ మీదికి వచ్చాడు.

అక్కడి నుంచి మెట్లు చకచకా ఎక్కాడు. 2015లో నాస్కార్ కింది మెట్టయిన కె అండ్ ఎన్ ఈస్ట్ ప్రాంతీయ సిరీస్ టైటిల్ కొట్టాడు. 2016లో, పికప్ ట్రక్కులతో నడిచే నాస్కార్ ట్రక్ సిరీస్‌లో మొదటి పూర్తి సీజన్‌లోనే 7 రేసులు గెలిచాడు. నాకు బాధ కలిగించేది ఆ ఏడాదే: ఫీనిక్స్‌లో లీడ్‌లో ఉండగా, రేసు ముగింపుకి వచ్చాక ఇంజిన్ పోయింది, దాంతో టైటిల్ ఆశ కూడా పోయింది. అయినా టెన్షన్ పడకుండా తర్వాతి వారమే హోమ్‌స్టెడ్‌లో చివరి రేసు గెలిచాడు. అసలు సత్తా అక్కడే కనిపించింది. 2017లో నాస్కార్ రెండో స్థాయి సిరీస్ ఎక్స్‌ఫినిటీలో చాంపియన్, 2018లో హెండ్రిక్ జట్టు 24వ నంబర్ కారుతో అన్నిటికన్నా పైదైన కప్ సిరీస్.

కప్‌లో మాత్రం తొలి గెలుపు 2020 ఆగస్టులో డేటోనాలో గానీ రాలేదు. ఆపైన 2024, 2025లో వరుసగా నాస్కార్‌లో అతి పేరున్న రేసు డేటోనా 500 గెలిచాడు.

ఒక్క మాట: టాలెంట్ ఒక్కటే చాలదు. కింది సిరీస్‌లలోనూ టైర్లకీ, ఇంజిన్లకీ, సిబ్బందికీ డబ్బు కావాలి. బైరన్‌కి లిబర్టీ యూనివర్సిటీ స్పాన్సర్‌గా తొలినాళ్ల నుంచీ అండగా నిలిచింది.