బాపు రేడియో ఎక్కడికి పోయింది?

ప్రశ్న: నా వయసు 47. హనుమకొండలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. మా బాపుకు 72 ఏళ్లు. సిరిసిల్లలో 30 ఏళ్లకు పైగా సాంచాలు (మరమగ్గాలు) నడిపారు. రెండేళ్ల క్రితం అమ్మ పోయాక అక్కడి ఇల్లు ఖాళీ చేసి ఆయనను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అబ్బాయికి డీజే పాటలంటే ప్రాణం. వాడు పాట పెడితే చాలు, ఆయన "ఇవి పాటలా, డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టుంది" అని లేస్తారు. తన టీవీ మాత్రం వీధి చివరిదాకా వినిపించేలా పెట్టుకుంటారు. మొన్న వాడి స్నేహితుల ముందే స్పీకరు వైరు పీకేశారు. పది రోజులుగా తాతకూ మనవడికీ మాటల్లేవు. ముసలాయన ఎవరు చెప్పినా వినరు. పెద్దవాళ్లకు కొత్త పాటలు ఎందుకు నచ్చవు? ఇది జబ్బా, మొండితనమా? ఈయనను మార్చడం ఎలా?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలు. పైన ఇచ్చింది అందులో సారాంశమే. మొదటి పేజీ అంతటా ఆయన మీకు "బాపు". రెండో పేజీకి వచ్చేసరికి "ఆయన" అయ్యారు. మూడో పేజీలో "ముసలాయన". కావాలని రాసి ఉండరు, కలం దానంతట అదే జారి ఉంటుంది. నేను మాత్రం ఆ మూడు మాటల దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

అడిగారు కాబట్టి ముందు మీ ప్రశ్న సంగతి తేల్చేస్తాను. ఇది జబ్బు కాదు, ఒక్క మీ బాపుకే ఉన్న గుణమూ కాదు. పాట మనసుకు పట్టే వయసు ఒకటుంటుంది. 1989లో అమెరికాలో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే పరిశోధకులు రకరకాల వయసుల వాళ్లకు రకరకాల కాలాల పాటలు వినిపించి, ఏది ఎంత నచ్చిందో మార్కులు వేయమన్నారు. తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లప్పుడు వచ్చిన పాటలకే జనం ఎక్కువ మార్కులు వేశారు. ఊరు విడిచి వెళ్లడం, మొదటి జీతం, పెళ్లి, తొలి బిడ్డ అన్నీ ఆ చుట్టుపక్కలే కదా జరిగేది! అప్పుడు చెవిన పడిన పాట వాటితో పాటే లోపల ఉండిపోతుంది. 1974లో ఘంటసాల కన్నుమూసేనాటికి మీ బాపుకు ఇరవై అటూఇటూగా ఉంటాయి. పాటంటే ఇలా ఉండాలని ఆయన మనసు అప్పటికే ఒక కొలత పెట్టుకుంది. పైగా పాత పాటలను కాలం చేటలో పోసి చెరిగేసింది, తాలు ఎగిరిపోయి గట్టి గింజలే మిగిలాయి. నేటి పాటలు ఇంకా కల్లంలోనే ఉన్నాయి, గింజా తాలూ కలిసే చెవిలో పడతాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తూస్తే పాతవే బరువుగా తూగుతాయి.

మీ బాపు ప్రాణంగా చూసుకునే ఆ సినిమా పాటలను కూడా వాళ్ల ముందు తరం తప్పుపట్టింది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే పడదు. ఆయన పుణ్యాన ఆకాశవాణిలో అవి దాదాపు వినిపించకుండా పోతే జనం రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టి ఆ పాటలను మళ్లీ తెచ్చుకోవలసి వచ్చింది. మా నాన్న కాజీపేటలో రైల్వే ఉద్యోగి. నాటక పద్యాలు రాగం తీసి పాడేవారు. మేము సినిమా పాట పెట్టుకుంటే "ఇదీ ఒక సంగీతమేనా" అని గదిలోంచి బయటికి వెళ్లిపోయేవారు. రేపు మీ అబ్బాయి కూడా తన మనవడి పాట విని ఇదే మాట అంటాడు.

మీరు అడిగినదానికి జవాబు ఇంతే. కానీ దీనితో మీ ఇల్లు చక్కబడదు.

మీరు మొండితనమని రాసిన సంగతులు ఒక్కొక్కటీ మళ్లీ చదివాను. టీవీ పెద్దగా పెట్టుకుంటారు. స్పీకరు మోగితే భరించలేరు. కోడలు నెమ్మదిగా ఏదైనా అంటే "గొణుగుతావెందుకు" అని కసురుకుంటారు. పిలిస్తే తల తిప్పి కుడిచెవి మీ వైపు పెడతారు. మాస్టారూ, తరగతిలో ఒక పిల్లవాడు ఇలా చేస్తే మీరు మొండివాడు అనుకుంటారా, వీడికి వినిపించడం లేదేమో అనుకుంటారా?

ఆయన 30 ఏళ్లు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి. నేనొకసారి సిరిసిల్లలో అలాంటి షెడ్డులోకి వెళ్లాను. పక్కనే నిలబడి అరిచినా నా మాట నాకే వినిపించలేదు. అక్కడివాళ్లు చేతి సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటున్నారు. తిరిగి బస్సెక్కాక కూడా చాలాసేపు ఆ టకటక నా చెవుల్లో ఆగలేదు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 85 డెసిబెల్స్ మించిన మోతలో ఏళ్ల తరబడి ఉంటే వినికిడి దెబ్బతింటుంది. అలా పోయింది తిరిగి రాదు. వయసు కూడా దానికి తోడవుతుంది.

అలాంటి చెవికి ముందుగా అందకుండా పోయేవి సన్నని, పదునైన ధ్వనులు. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. స, శ, ఫ, త, క లాంటివి అందకపోతే ఎవరో ఏదో అంటున్నట్టు తెలుస్తుంది కానీ ఏమన్నారో తెలియదు. మీ అబ్బాయి పెట్టే పాటలో డప్పు దరువు, ఆ కింది మోత ఆయనకు బాగానే అందుతాయి. పాడేవాళ్ల మాట మాత్రం అందదు. డబ్బాలో రాళ్లు అన్నది ఎగతాళి అనుకున్నారు మీరు. తనకు వినిపించిందే ఆయన చెప్పారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. ఆ డీజే పాటల్లో చాలావాటి వరస మన నాట్ల పాటల్లోది, మన ఊళ్ల యాసలోది. మాట అందితే వాళ్లమ్మ పొలంలో పాడిన బాణీని ఆయన గుర్తుపట్టేవారేమో.

ఇంకొకటి. వినికిడి తగ్గినవాళ్లకు చిన్న శబ్దం వినిపించదు, కాస్త పెంచితే ఒక్కసారిగా భరించలేనంత అవుతుంది. మధ్యలో ఉండవలసిన మెట్లు మాయమైపోతాయి. తన టీవీ పెద్దగా పెట్టుకుని మనవడి స్పీకరును తప్పుపట్టడంలో మీకు అన్యాయం కనిపించింది. టీవీ మోత ఆయన చేతిలో ఉంటుంది, తనకు పడే చోట ఆపుకుంటారు. స్పీకరు మోత వచ్చి మీద పడుతుంది. ఈ వారంలోనే చెవి పరీక్ష చేయించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించినా సరే, మీకు తెలిసిన ఈఎన్‌టీ డాక్టరుకు చూపించినా సరే. ఆడియోమెట్రీ అంటారు, నొప్పి ఉండదు, అరగంట పని. బీపీ మాత్రలు ఒక్క పూట కూడా తప్పనివ్వలేదని రాశారు. మరి ఈ రెండేళ్లలో ఆయన చెవి ఎందుకు గుర్తు రాలేదు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

రెండో పేజీ చివర, ఏదో మరిచిపోయింది గుర్తొచ్చి చేర్చినట్టు, ఒక వాక్యం రాశారు. సిరిసిల్ల ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామానుతో పాటు బాపు రేడియోను కూడా పాత ఇనుము కొనేవాడికి వేసేశారట. తోలు తొడుగు చినిగిపోయింది, పనిచేయడం లేదు, మహారాష్ట్రలోని భీవండిలో సాంచాల మీద పనిచేసినప్పటి తొలి జీతాల నుంచి కూడబెట్టి కొన్నది అని మీరే రాశారు. "ఆయన కూడా ఏమీ అనలేదు" అని ముగించారు.

ఏమంటారు? అప్పటికి భార్య పోయి నెల కూడా కాలేదు. తన ఇంటి సామాను తన కళ్ల ముందే గోనెసంచుల్లోకి పోతోంది. కొడుకు దగ్గర బతకడానికి వెళ్తున్నాడు. రేడియో ఉంచమని అడిగితే కొడుకు విసుక్కుంటాడేమోనని ఆ తండ్రి నోరు మూసుకుని ఉంటాడు. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటా రుసుము కట్టవలసిన రోజుల్లో, ఊరుగాని ఊరిలో సాంచాల మీద పనిచేసే కుర్రవాడు దాన్ని కొనుక్కున్నాడు. ఎన్ని పూటలు సగం తిని కొన్నాడో మీకు తెలుసా? భీవండి గదిలో రాత్రిళ్లు అందులో ఏం వినేవాడో ఎప్పుడైనా అడిగారా?

మనవడి స్పీకరు వైరు పీకితే ఇల్లంతా లేచింది. ఆయన రేడియోను అడగకుండా తీసి పడేసినప్పుడు ఒక్కరూ లేవలేదు.

"అన్నం పెడుతున్నాం, మందులు ఇస్తున్నాం, వేరే గది ఇచ్చాం, ఏం తక్కువ చేశాం" అని అడిగారు. ఈ వాక్యం చదివి నాకు కోపం వచ్చింది, దాచుకోను. అన్నం, మందులు, గది డబ్బిస్తే ఎక్కడైనా దొరుకుతాయి. ఆయన మీ ఇంటికి వచ్చింది కొడుకు ఉన్నాడని. ఆ కొడుకు ఈ మూడు పేజీల్లో తండ్రితో నేరుగా అన్న మాట ఒక్కటి కూడా నాకు దొరకలేదు. "మా ఆవిడతో చెప్పించాను" అని నాలుగుచోట్ల రాశారు. టీవీ తగ్గించమని ఆవిడతోనే, మనవడిని తిట్టవద్దని ఆవిడతోనే. మామగారికి చెడ్డ కబుర్లన్నీ మోసేది కోడలైతే ఆయన విసుగంతా ఆ కోడలి మీద పడక ఎవరి మీద పడుతుంది? ఆ తల్లి ఎంత ఓర్చుకుంటున్నదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇకనుంచి మీ బాపుతో చెప్పవలసింది మీరే చెప్పండి. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, అరవకుండా, నిదానంగా చెప్పండి. వినికిడి తగ్గినవారికి పెదవులు కనిపిస్తే సగం మాట అందుతుంది. ఆయన సాంచాల మధ్య అలా మాట్లాడటం అలవాటైన మనిషి.

పెద్దాయన చేసింది అంతా ఒప్పు అనడం లేదు. పదిహేడేళ్ల పిల్లవాడిని స్నేహితుల ముందు చిన్నబుచ్చడం తప్పు. ఆ వయసులో అది కత్తి గాటులా గుర్తుండిపోతుంది. పెద్దరికం ఆ హక్కు ఇవ్వదు, మనవడితో ఆ మాట ఆయన ఒప్పుకోవలసిందే. కానీ అది ఆయనతో చెప్పే అర్హత మీకు రావాలంటే ముందు రేడియో విషయంలో మీ తప్పు మీరు ఒప్పుకోవాలి. కొత్త రేడియో కొని చేతిలో పెట్టి ఆ పని అయిపోయిందనుకోకండి. ముందు నోటితో అడగండి క్షమాపణ. కొనడం గురించి తర్వాత ఆలోచించవచ్చు.

మీ అబ్బాయి గురించి నాకు పెద్ద దిగులు లేదు. తాతకు ఏ మాటలు వినిపించవో డాక్టరు గీసిన కాగితం వాడికి చూపించండి. స్పీకరు మోత ఎంతలో ఉంచాలో వాడే చూసుకుంటాడు. చూసుకోకపోతే చెప్పండి, మీరు వాడి తండ్రి.

వచ్చే ఆదివారం ఇంట్లో మిగతావాళ్లను ఉండనిచ్చి మీరిద్దరే సిరిసిల్ల వెళ్లి రండి. ఆయనతో సాంచాల మీద పనిచేసినవాళ్లు ఇంకా ఎవరో ఒకరు ఉంటారు. అక్కడ ఆయనకు పేరుంటుంది, చెప్పుకోవడానికి కథ ఉంటుంది, మీరు వినని కథ. దారిలో కరీంనగర్‌లో ఆగి టీ తాగండి. పాటలేవీ పెట్టకండి. కారు మీరే నడపండి, ఆయనను వెనక సీట్లో కాకుండా మీ పక్కన కూర్చోబెట్టుకోండి. అప్పుడు ఆయన కుడిచెవి మీ వైపే ఉంటుంది.