బ్రిటన్‌లో కొరియర్ వ్యాను: వారం వారం వచ్చే డబ్బంతా మీది కాదు

“అన్నయ్యా, చదువయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాలో ఉన్నాను. ఒక డిపోవాళ్ళు పార్సిళ్ళ రూటు ఇస్తామంటున్నారు. ఉద్యోగం కాదట, సెల్ఫ్ ఎంప్లాయిడ్ అట. పన్ను ఏమీ కోయరు, డబ్బంతా చేతికే వస్తుందని చెప్పారు. చేరిపొమ్మంటారా?”

పోయిన నెలలో ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న ఇది. మిల్టన్ కీన్స్ చుట్టుపక్కల ఆరేళ్ళు పార్సిళ్ళు పంచినవాడిని కనుక, ఏడాదికి నలుగురైదుగురు నన్ను ఇదే అడుగుతారు. “పన్ను కోయరు” అన్న మాట దగ్గరే నేను వాళ్ళను ఆపుతాను. కోయరన్నది నిజమే. కట్టక్కర్లేదని మాత్రం ఎవరూ అనలేదు.

పన్ను కంటే ముందు వీసా సంగతి. స్టూడెంట్ వీసాలో ఉన్నవారు స్వయం ఉపాధి చేయకూడదు. వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చన్నది ఉద్యోగానికి ఇచ్చిన వెసులుబాటు, ఇలాంటి పనికి కాదు. స్నేహితుడి పేరు మీదున్న డెలివరీ యాప్ ఖాతాను వారానికి ఇంత అని అద్దెకు తీసుకుని బండెక్కే వాళ్ళున్నారు. దొరికితే వీసా పోతుంది, ఖాతా ఇచ్చినవాడూ ఇరుక్కుంటాడు. స్కిల్డ్ వర్కర్ వీసా స్పాన్సర్ ఇచ్చిన ఉద్యోగానికే. ఖాళీ సమయంలో వ్యాను తోలడం అందులోకి రాదు. గ్రాడ్యుయేట్ వీసావారు, స్కిల్డ్ వర్కర్ల మీద డిపెండెంటుగా వచ్చిన భార్య లేదా భర్త, శాశ్వత నివాసం ఉన్నవారు చేసుకోవచ్చు. మన ఇండియా లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలలే చెల్లుతుంది. ఆ తరువాత ఇక్కడి పరీక్ష పాస్ కావలసిందే. కొత్తగా పాసైన రెండేళ్ళలో ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్సు రద్దవుతుందని కూడా గుర్తుంచుకోండి. ఇన్సూరెన్సు లేకుండా ఒక్కసారి దొరికితే ఆ ఆరూ ఒకేసారి పడతాయి.

ఆ ఇన్సూరెన్సు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. ఇంటి అవసరాలకు, ఆఫీసుకు వెళ్ళిరావడానికి తీసుకున్న పాలసీ పార్సిళ్ళు పంచేటప్పుడు పనికిరాదు. హైర్ అండ్ రివార్డ్ (డబ్బు తీసుకుని సరుకు చేరవేసేవారి పాలసీ) అని విడిగా అడిగి తీసుకోవాలి. వ్యానులో ఉన్న సరుకుకు గూడ్స్ ఇన్ ట్రాన్సిట్ అనే పాలసీ వేరు. ధర చూసి గుండె జారుతుంది. కానీ ఇది లేకుండా రోడ్డెక్కితే చట్టం దృష్టిలో మీకు ఇన్సూరెన్సు లేనట్టే.

ఇక అసలు విషయం. ఇక్కడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై మరుసటి ఏప్రిల్ 5న ముగుస్తుంది. ఆ ఏడాదిలో మీ వ్యాపారపు రాబడి 1,000 పౌండ్లు దాటితే సెల్ఫ్ అసెస్‌మెంట్‌కు, అంటే మీ పన్ను లెక్క మీరే వేసి పంపే పద్ధతికి, నమోదు కావాలి. లాభం వెయ్యి కాదు, ఖర్చులు తీయకముందు చేతికొచ్చిన మొత్తం వెయ్యి. కొరియర్ పనిలో అది రెండు మూడు వారాల మాట. నమోదుకు గడువు ఆ పన్ను సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబర్ 5. ఉదాహరణకు 2025 నవంబర్‌లో మొదటి పార్సిల్ వేశారనుకుందాం. 2026 అక్టోబర్ 5 లోపు నమోదు, 2027 జనవరి 31 లోపు ఆన్‌లైన్‌లో రిటర్ను, అదే రోజుకు డబ్బు. ఇంత సమయం ఉందని చూసే చాలామంది మరచిపోతారు. నా మాట వింటే పని మొదలుపెట్టిన వారంలోనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఖాతా తెరిచి నమోదు చేసుకోండి. పైసా ఖర్చు లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, చిరునామా, పని మొదలైన తేదీ ఉంటే చాలు. పన్నుల శాఖ మీకిచ్చే గుర్తింపు సంఖ్య, పది అంకెల యూటీఆర్ నంబరు, పోస్టులో వస్తుంది. ఇది చేసిపెడతామని డబ్బు అడిగే వెబ్‌సైట్లు ఉన్నాయి, అటు వెళ్ళకండి.

నేను 2017 సెప్టెంబర్‌లో పాత వ్యాను కొనుక్కుని మొదలుపెట్టాను. ప్రతి శుక్రవారం బ్యాంకులో పడే అంకె చూసి, పాత ఉద్యోగం మానేసి మంచి పని చేశాననుకున్నాను. 2019 జనవరిలో రిటర్ను నింపి చివరి పేజీ చూశాక, ఏదో తప్పు నొక్కానేమోనని మళ్ళీ మొదటి నుంచి నింపాను. అంకె మారలేదు. నేను అనుకున్న పన్ను మీద మరో సగం కలిపి ఉంది. ఆ సగం ఏమిటో మీకు ముందే తెలియాలని ఇప్పటి అంకెలతో ఒక లెక్క వేస్తాను.

ఏడాదికి రాబడి 32,000 పౌండ్లు. వ్యాను 20,000 మైళ్ళు తిరిగింది. మైలు లెక్కన ఖర్చు చూపిస్తే 2025-26లో మొదటి పది వేల మైళ్ళకు 45 పెన్నీలు, ఆపైన 25 పెన్నీలు, మొత్తం 7,000 పౌండ్లు. ఫోను, పార్కింగు, సరుకు ఇన్సూరెన్సు కలిపి 430 అనుకోండి. లాభం 24,570. ఇందులో మొదటి 12,570 మీద ఆదాయపు పన్ను లేదు. మిగిలిన 12,000 మీద 20 శాతం, అంటే 2,400. అదే 12,000 మీద క్లాస్ 4 నేషనల్ ఇన్సూరెన్స్ (స్వయం ఉపాధివారు కట్టే సామాజిక భద్రతా చందా) 6 శాతం, 720. వెరసి 3,120. (స్కాట్లాండులో ఉంటే ఆదాయపు పన్ను శ్లాబులు వేరు.) ఇంతవరకు అందరూ ఊహిస్తారు. కానీ బిల్లు 1,000 పౌండ్లు దాటి, మీ ఏడాది మొత్తం పన్నులో ఎక్కువ భాగం జీతంలో ముందే కోతపడి ఉండకపోతే, వచ్చే ఏడాదికి అడ్వాన్సు కూడా ఇప్పుడే అడుగుతారు. ఈ ఏటి బిల్లులో సగం జనవరి 31కి, మిగతా సగం జూలై 31కి. అంటే ఆ జనవరిలో కట్టవలసింది 3,120 కాదు, 4,680. జూలైలో మరో 1,560. అది పోయే డబ్బు కాదు, వచ్చే ఏటి లెక్కలో తగ్గుతుంది. అయినా డబ్బు తీయవలసింది మాత్రం ఆ రోజే. క్రిస్మస్ రద్దీలో రోజుకు పన్నెండు గంటలు తిరిగి, ఆ సంపాదనతో ఇండియా టికెట్లు కొనుక్కున్న మనిషికి జనవరి చివర ఈ అంకె ఎదురైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఒకవేళ పగలు గోడౌనులో జీతానికి పనిచేస్తూ సాయంత్రాలు పార్సిళ్ళు వేస్తుంటే పై లెక్క ఇంకా మారుతుంది. పన్ను లేని ఆ 12,570 జీతం దగ్గరే ఖర్చయిపోయి ఉంటుంది. కాబట్టి వ్యాను లాభంలో మొదటి పౌండు నుంచే ఆదాయపు పన్ను మొదలవుతుంది. “చిన్న సంపాదనే కదా” అనుకున్నవాళ్ళే ఎక్కువగా దెబ్బ తింటారు.

నేను చేసే పని ఇది: డబ్బు పడిన శుక్రవారమే అందులో పావు వంతు వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపేస్తాను. ఆ ఖాతా కార్డు ఇంట్లో డ్రాయరులోనే ఉంటుంది. అయినా ఏదైనా ఏడాది సరిపోకపోతే దాక్కోకండి. రిటర్ను వేళకు దాఖలు చేసి, వాయిదాల్లో కడతానని ఆన్‌లైన్‌లోనే అడగవచ్చు. వడ్డీ పడుతుంది, పరువు నిలుస్తుంది. రిటర్నే వేయకపోతే మాత్రం పన్ను సున్నా అయినా 100 పౌండ్ల జరిమానా పడుతుంది. మూడు నెలలు దాటితే రోజుకు పది చొప్పున 90 రోజుల వరకు పెరుగుతుంది.

మైళ్ళ లెక్క గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మొదటి ఐదు నెలలు నేను ఏమీ రాసుకోలేదు. ఊహించి రాయడానికి మనసొప్పక ఆ మైళ్ళు వదులుకున్నాను. ఆ తరువాత సన్ విజర్ వెనక ఒక చిన్న పుస్తకం పెట్టాను. తేదీ, డిపో దగ్గర ఓడోమీటర్ అంకె, చివరి డ్రాపు (పార్సిల్ ఇచ్చే చోటు) పోస్ట్‌కోడ్, అక్కడి అంకె, అంతే. వర్షంలో తడిసి కొన్ని పేజీలు అంటుకుపోయాక, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి డాష్‌బోర్డు ఫోటో తీయడం కూడా మొదలుపెట్టాను. ఇంటి నుంచి రోజూ వెళ్ళే ఒకే డిపోకు ఉన్న దూరాన్ని మామూలుగా ఇందులో కలపకూడదు. అది ఆఫీసుకు వెళ్ళినట్టే లెక్క. డిపో నుంచి మొదటి డ్రాపుకు, అక్కడి నుంచి వరసగా ఉన్నవి మీ మైళ్ళు.

మైలు రేటు పద్ధతి ఎంచుకుంటే అందులోనే పెట్రోలు, రిపేరు, వ్యాను ఇన్సూరెన్సు, రోడ్డు పన్ను అన్నీ ఉన్నట్టు. మళ్ళీ ఆ బిల్లులు విడిగా చూపించకూడదు. పార్కింగు, టోలు, లండన్ కంజెషన్ చార్జీ మాత్రం చూపవచ్చు. పార్కింగు జరిమానాలు, స్పీడు జరిమానాలు ఏ పద్ధతిలోనూ రావు. నేను ఒకసారి అడిగితే అకౌంటెంటు నవ్వాడు. ఒక వ్యానుకు ఏ పద్ధతి మొదలుపెడితే ఆ వ్యాను ఉన్నంతకాలం అదే. అద్దె వ్యానుకు వారం వారం డబ్బు కట్టేవారికి అసలు ఖర్చుల పద్ధతే సాధారణంగా కలిసొస్తుంది. సొంత పాత వ్యానుతో ఎక్కువ తిరిగేవారు రెండూ వేసి చూసుకుని తేల్చుకోవాలి. పాత డీజిల్ వ్యాను చవకగా వచ్చిందని లండన్ రూటుకు తీసుకుంటే మాత్రం కొనకముందే యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద లండన్‌లో వేసే రోజువారీ చార్జీ) సంగతి చూడండి. యూరో 6 అనే పొగ ప్రమాణాన్ని అందుకోని డీజిల్ వ్యానుకు రోజుకు 12.50 పౌండ్లు. 2023 ఆగస్టు నుంచి అది లండన్ బరోలన్నిటికీ వర్తిస్తోంది.

డిపోవాళ్ళు చాలాచోట్ల మీ బిల్లును వాళ్ళే తయారుచేసి పంపుతారు, సెల్ఫ్ బిల్లింగ్ అంటారు. అందులో వ్యాను అద్దె, పోయిన పార్సిలుకు కోత, స్కానరు కోత అంటూ తగ్గించి మిగిలింది బ్యాంకులో వేస్తారు. బ్యాంకులో పడిన అంకెను రాబడిగా రాసేవాళ్ళను చూశాను. రాబడి కోతలకు ముందున్న మొత్తం. కోతల్లో అర్హమైనవి ఖర్చుల వైపు వెళ్ళాలి. ఆ కాగితాలన్నీ దాచండి. జనవరి 31 గడువు దాటిన తరువాత ఐదేళ్ళు ఉంచుకోవాలని నియమం.

రాబడి తగ్గించి చూపమని సలహా ఇచ్చే పెద్దలు మన సమావేశాల్లో తప్పకుండా ఒకరు ఉంటారు. వాళ్ళకు ఒక పాత కథ గుర్తుచేయండి. నైపుణ్యం ఉన్నవారికి అప్పట్లో ఇచ్చిన టైర్ 1 జనరల్ వీసాలో ఉన్నవారు చాలామంది శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసినప్పుడు, వీసా కోసం హోం ఆఫీసుకు చూపిన సంపాదన, పన్నుల శాఖకు చూపిన సంపాదన పొసగలేదని తిరస్కరించారు. 2019 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు, నిజాయతీ లేదని తేల్చేముందు వాళ్ళ సంజాయిషీ వినాలని చెప్పింది. ఆ తీర్పు వచ్చేసరికి కొందరి జీవితాల్లో ఏళ్ళు గడిచిపోయాయి. ఇల్లు కొనడానికి బ్యాంకుకు వెళ్ళినా అడిగేది ఇవే కాగితాలు, సాధారణంగా రెండేళ్ళవి.

మూడు నెలలకొకసారి సాఫ్ట్‌వేర్ ద్వారా లెక్కలు పంపే కొత్త పద్ధతి కూడా వచ్చింది. రాబడి 50,000 దాటినవారికి 2026 ఏప్రిల్ 6 నుంచి, 30,000 దాటినవారికి 2027 ఏప్రిల్ నుంచి. ఇక్కడా చూసేది లాభం కాదు, రాబడి. పైన చెప్పిన 32,000 మనిషి 2025-26లో అంత సంపాదించి ఉంటే రెండో గుంపులోకి వస్తాడు. వ్యాట్ గురించి అడిగేవారికి ఒక్క మాట: దానికి నమోదు తప్పనిసరయ్యే హద్దు 90,000 పౌండ్ల రాబడి, ఒంటరి డ్రైవరు దాన్ని చేరడం అరుదు.

ఆ కుర్రవాడికి చేరమనే చెప్పాను. ఒకే ఒక్క షరతు పెట్టాను, చిరునామా విషయంలో. కొత్తగా వచ్చినప్పుడు మనం ఆరు నెలలకొక ఇల్లు మారతాం, ఆరుగురం ఒక వంటగది పంచుకుంటాం. నా యూటీఆర్ ఉత్తరం పాత ఇంట్లో మైక్రోవేవ్ మీద, పిజ్జా కరపత్రాల కింద నాలుగు నెలలు పడి ఉంది. దాని కింద గుర్తుచేసే ఉత్తరం, దాని కింద మరొకటి. ఇల్లు మారిన రోజే ఆన్‌లైన్ ఖాతాలో అడ్రసు మార్చమన్నాను. “ఈ ఆదివారమే మారుతున్నాను అన్నయ్యా” అన్నాడు.