గైడు లేకుండా ఇంగ్లిషు రాత

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇంగ్లిషు జవాబులన్నీ గైడు చూసి బట్టీపడుతోంది కానీ, సొంతంగా నాలుగు వాక్యాలు రాయలేకపోతోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆరు, ఏడు తరగతుల్లో కథను తిరిగి చెప్పడం, ఎనిమిది, తొమ్మిదిలో ఒక పాత్ర అలా ఎందుకు ప్రవర్తించిందో పాఠంలోని వాక్యమే ఆధారంగా రాయడం, పదిలో తన అభిప్రాయాన్ని సమర్థించుకోవడం అన్న వరుసలో సాగవలసిన చదువును గైడు మధ్యలోనే తెంచేస్తుంది. ఆర్.కె. నారాయణ్ 1935లో వెలువరించిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ బడిపిల్లల కథే కనుక, రోజూ రెండు పేజీలు చదివించి, స్వామినాథన్ చేసింది సబబేనా అని అడిగి, జవాబును ముందు తెలుగులో చెప్పనిచ్చి (ఇది తప్పనే టీచర్లతో నేను ఏకీభవించను), తరువాత ఇంగ్లిషులో రాయించండి. దిద్దేటప్పుడు ఒకసారికి ఒక్క లోపాన్నే, ఉదాహరణకు క్రియల కాలాన్ని, పట్టించుకోండి. మార్కులు కొన్నాళ్ళు తగ్గినా కంగారుపడకండి.