గణితంలో పీహెచ్‌డీ: నెట్ గట్టెక్కితే సరిపోదు

ప్రశ్న: కాకినాడలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫైనలియర్ చదువుతున్నాను. 74 శాతం మార్కులున్నాయి. మంచి సంస్థలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. నెట్ ఒక్కటి రాస్తే చాలా? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

జవాబు: నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. గణితంలో పీహెచ్‌డీకి మన దేశంలో నాలుగైదు దారులున్నాయి. అన్నిటిలోనూ అడిగేది దాదాపు ఒకటే: రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, గ్రూపులు-రింగులు, కాంప్లెక్స్ అనాలిసిస్, టోపాలజీ. ఒక్కసారి గట్టిగా చదివితే అన్ని పరీక్షలకూ పనికొస్తుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) పరీక్ష సాధారణంగా డిసెంబరులో ఉంటుంది, నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమేటిక్స్ (ఎన్‌బీహెచ్ఎం) స్కాలర్‌షిప్ పరీక్ష జనవరిలో, గేట్ ఫిబ్రవరిలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ), చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ) పరీక్షలు మే నెలలో. గేట్ పరీక్ష ఫిబ్రవరిలోనే అయినా దరఖాస్తుల గడువు అంతకు ముందు ఏడాదిలోనే ముగుస్తుంది. చాలామంది అక్కడే ఒక ఏడాది పోగొట్టుకుంటారు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఫైనలియర్‌లో ఉండగానే రాసేయడం మంచిది.

సీఎస్ఐఆర్ నెట్ విషయానికొస్తే, 200 మార్కులు, 3 గంటలు. పార్ట్ ఎ జనరల్ ఆప్టిట్యూడ్. పార్ట్ బిలో 40 ప్రశ్నల్లో 25 రాయాలి, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పయితే 0.75 కోత. పార్ట్ సిలో 60లో 20 రాయాలి, ఒక్కోదానికి 4.75 మార్కులు, కోత లేదు. కోత లేదు కదా అని గుడ్డిగా పెడితే మాత్రం ఏమీ రాదు. సరైన ఆప్షన్లు ఒకటికి మించి ఉండొచ్చు. వాటన్నిటినీ గుర్తిస్తేనే మార్కులు, సగం సరైతే సగం మార్కులివ్వరు. అందుకే ఈ భాగంలో ఫార్ములాలు గుర్తున్నవాళ్ల కన్నా ప్రతి థియరమ్‌కూ ‘ఈ షరతు తీసేస్తే ఏమవుతుంది’ అని ఒక కౌంటర్ ఎగ్జాంపుల్ దగ్గర పెట్టుకున్నవాళ్లు నెగ్గుతారు. నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. అయితే జేఆర్ఎఫ్ అంటే డబ్బు మాత్రమే, సీటు కాదు. సీటు ఇచ్చేది ఇంటర్వ్యూ.

మన దగ్గర బాగా చదివే పిల్లలు కూడా తడబడేది అక్కడే. కారణం తెలివి తక్కువై కాదు, బోర్డు ముందు నిలబడి ప్రూఫ్ చెప్పే అలవాటు లేక. ‘మీకు ఏ సబ్జెక్టు ఇష్టం?’ అంటారు. మీరు రియల్ అనాలిసిస్ అంటారు. ‘కంటిన్యుయస్ అయి, యూనిఫామ్‌గా కంటిన్యుయస్ కాని ఫంక్షన్ ఒకటి చెప్పండి.’ ఎక్స్ స్క్వేర్, మొత్తం రియల్ లైన్ మీద. ‘ఎందుకు కాదు?’ ఇక్కడ చాలామంది ‘డెరివేటివ్ అన్‌బౌండెడ్ కాబట్టి’ అనేస్తారు. వెంటనే వచ్చే ప్రశ్న: ‘మరి 0 నుంచి 1 దాకా రూట్ ఎక్స్ సంగతేమిటి?’ 0 దగ్గర దాని డెరివేటివ్ కూడా అన్‌బౌండెడే, అయినా అది యూనిఫామ్‌గా కంటిన్యుయస్. మీ కారణం అక్కడికక్కడే కూలిపోయింది. చెప్పాల్సింది ఇది: ఎన్ ఒకటి, ఎన్‌కు 1 బై ఎన్ కలిపితే వచ్చేది ఇంకొకటి, ఇలా రెండు బిందువులు తీసుకోండి. వాటి మధ్య దూరం 1 బై ఎన్, అది సున్నాకు పోతుంది. వాటి స్క్వేర్ల తేడా మాత్రం ఎప్పుడూ 2 కన్నా ఎక్కువే. రెండు లైన్లతో పని అయిపోయింది. ఆ తర్వాత ‘బౌండెడ్ ఫంక్షన్ ఒకటి ఇవ్వగలరా?’ అంటారు, సైన్ ఎక్స్ స్క్వేర్ సిద్ధంగా ఉండాలి.

కాబట్టి అయిదు సబ్జెక్టులనూ పైపైన తిప్పేయడం కన్నా, రెండింటిలో ఏ మూల అడిగినా చెప్పగలిగేలా తయారవ్వండి. రోజుకు ఒక థియరమ్ పుస్తకం మూసి తెల్ల కాగితం మీద పూర్తిగా రాయండి. వారానికి రెండు రోజులు స్నేహితురాలిని కూర్చోబెట్టి బోర్డు మీద చెప్పండి. ఆమె పని ‘ఎందుకు?’ అని అడగడమే. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, ఒక చిన్న ఉదాహరణతో మొదలుపెట్టండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది ఆ ప్రయత్నాన్నే. వేసవిలో ఎంటీటీఎస్ (మ్యాథమేటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) శిబిరానికి కూడా దరఖాస్తు చేయండి. 1993 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమం నేర్పేది సరిగ్గా ఈ అలవాటునే.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (పీహెచ్‌డీ ఎందుకు చేయాలనుకుంటున్నారో చెప్పే పత్రం) అడిగితే ఒక పేజీ చాలు. ‘చిన్నప్పటి నుంచి లెక్కలంటే ప్రాణం’ అని మొదలుపెట్టవద్దు. ‘సైలో థియరమ్స్ వాడి, 60 కన్నా తక్కువ ఆర్డర్‌లో నాన్ అబీలియన్ సింపుల్ గ్రూపు లేదని ప్రాజెక్టులో నిరూపించాను’ అని రాస్తే మీరు ఏం చదివారో ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. చెప్పిన ప్రతిదాన్నీ ఇంటర్వ్యూలో అడుగుతారు కాబట్టి రానిది రాయవద్దు. గైడ్ కావాలనుకున్నవారు గత మూడేళ్లలో ఏం రాశారో పరిశోధన పత్రాలుండే ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

రికమెండేషన్ లెటర్ కోసం మాస్టారిని కనీసం నెల ముందు అడగండి. అమెరికా వర్సిటీలకూ ప్రయత్నిస్తే ఇది ఇంకా ముఖ్యం. అక్కడ సాధారణంగా మూడు లెటర్లు అడుగుతారు, చాలాచోట్ల గడువు డిసెంబరులోనే. లెటర్ అప్‌లోడ్ చేసే లింకు నేరుగా మాస్టారి మెయిల్‌కు వెళ్తుంది, స్పామ్‌లో పడితే ఆయనకూ తెలియదు. మర్నాడు ఒకసారి ఫోన్ చేసి అడగండి.

చివరగా, రిజర్వేషన్ వర్తిస్తే సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. రాష్ట్రంలో ఇచ్చే బీసీ-ఎ, బీసీ-బి పత్రాలు కేంద్ర సంస్థల్లో చెల్లవు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీల్లో తీసుకున్నది. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు.