పాత యూరప్ వైన్లు స్నేహితులతో రెస్టారెంటులో పంచుకున్న అనుభవం ఎవరికైనా ఉందా? ఏమేం చూసుకోవాలి?

ఉంది. నేను లండన్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది. అందులో తొమ్మిదేళ్లుగా మేం ఆరుగురం ఏడాదికి రెండుసార్లు ఇదే పని మీద కూర్చుంటున్నాం. వంతులవారీగా నలుగురు తలా ఒక సీసా తెస్తారు, మిగిలిన ఇద్దరు కార్కేజీ (మన సీసా తెచ్చుకుని తాగనిచ్చినందుకు రెస్టారెంటు తీసుకునే రుసుము) కడతారు. సీసాకి ఇరవయ్యేళ్లు నిండి ఉండాలి. ఎంతకి కొన్నారో ఎవరూ చెప్పకూడదు, అడగకూడదు.

ముందు మా మేనమామ సంగతి చెప్పాలి. 2009లో రాజమండ్రి వెళ్తూ ఆయనకి ఒక బోర్డో (ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ప్రాంతపు వైన్) సీసా తీసుకెళ్లాను. మామూలు రకం, రెండు మూడేళ్లలో తాగేయాల్సింది. ఆయన దాన్ని హాల్లో షోకేసులో, నా పెళ్లి ఫొటో పక్కన నిలబెట్టి, "ఎంత పాతబడితే అంత మంచిదటగా, ఉండనీరా" అన్నాడు. ఎనిమిది రోహిణి కార్తెలు చూసిందా సీసా. 2017లో తీయబోతే బిరడా అప్పటికే పైకి పొడుచుకొచ్చి ఉంది. లోపల చింతపండు పులుసు రంగు, మాడిన పాకం వాసన. మావయ్య మాత్రం బాగుందనే అన్నాడు, నా మొహం చూసి.

వైన్లలో చాలా భాగం కొన్న ఏడాదీ రెండేళ్లలో తాగడానికే చేస్తారు. ఏళ్ల తరబడి నిలిచేవి కొన్నే. అవి కూడా చీకట్లో, పన్నెండు పదమూడు డిగ్రీల చల్లదనంలో, బిరడా ఎండిపోకుండా అడ్డంగా పడుకుంటేనే. అందుకే పాత సీసా కొనేటప్పుడు నేను పేరుకంటే ముందు అడిగేది ఇన్నాళ్లూ అది ఎక్కడుందీ అని. సీసా మెడ దగ్గర వైన్ ఎంతవరకు ఉందో కూడా చూస్తాను. భుజం కిందికి దిగిపోయి ఉంటే గాలి చొరబడినట్టే.

పోయిన నవంబరు విందుకి వద్దాం. రెస్టారెంటుకి రెండు వారాల ముందే ఫోన్ చేశాం. బయటి సీసా ఒప్పుకుంటారా, కార్కేజీ ఎంత, మొత్తం ఎన్ని తేవచ్చు, ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. వాళ్ల లిస్టులో ఉన్న వైనే మీరు సంచిలో పెట్టుకుని వెళ్తే అస్సలు బాగుండదు. మేం ఎప్పుడూ మొదటి సీసా, సాధారణంగా ఒక షాంపేన్, వాళ్ల దగ్గరే కొంటాం. తెచ్చిన ప్రతి సీసాలోంచీ అక్కడి సొమెలియేకి, అంటే వైన్ల సంగతి చూసే ఉద్యోగికి, ఒక గుక్క పోస్తాం. మర్యాదకే మొదలుపెట్టాం గానీ మాకూ లాభమే. మంచి గ్లాసులు వస్తాయి, ఎవరూ తొందరపెట్టరు.

మా ఇటలీ మిత్రుడు తెచ్చింది 1996 బరోలో. వాళ్ల నాన్న ఆల్బా దగ్గర ఇంటి నేలమాళిగలో దాచినది. బరోలో అనే ఈ ఎర్ర వైన్ చేసేది నెబ్బియోలో ద్రాక్షతో. వైన్ ఇంకా పాతబడనప్పుడు మహా వగరు, పచ్చి అరటికాయ తొక్క నమిలినట్టు. అందులోనూ 1996 పంట వగరుకి పేరుమోసింది. అందుకని పొద్దున్నే ఇంట్లో బిరడా తీసి, తేటంతా మెల్లగా జగ్గులోకి ఒంపి, సీసా కడిగి మళ్లీ అందులోకే పోసి తెచ్చాడు. పాత ఎర్ర వైన్ అడుగున మడ్డి ఉంటుంది. నెయ్యి ఒంపుతూ గసి దగ్గరికి రాగానే చెయ్యి ఆపుతాం చూడండి, అదే పని ఇక్కడా. దానికోసం సీసాని ముందురోజే నిలబెట్టాలి. ట్యూబులో (లండన్ మెట్రో రైల్లో) ఊపుకుంటూ తెచ్చి అక్కడే తీస్తే తాగేది బురదే. సాయంత్రానికి ఆ వైన్ పాలిపోయిన ఇటుక రంగులో, ఎండు గులాబీ రేకుల వాసనతో వచ్చింది. వెనకాల కొంచెం తారు వాసన. వగరు పోలేదు గానీ పుట్టగొడుగుల రిసొట్టో (ఇటలీ అన్నం వంటకం) రాగానే సర్దుకుంది.

ఇది విని అన్ని పాత వైన్లూ పొద్దున్నే తీయాలనుకోకండి. మొదటి ఏడాది నేను ఆ తప్పే చేశాను. ఒక ఎర్ర బర్గండీని (ఇదీ ఫ్రాన్స్ వైనే) తెలివిగా రెండు గంటల ముందు జగ్గులోకి ఒంపాను. ఒంపినప్పుడు గదంతా పరిమళం. భోజనాల వేళకి పుల్లటి నీళ్లు. అప్పటినుంచి వయసు మళ్లిన బర్గండీని బల్ల దగ్గరే తీసి, అప్పటికప్పుడే పోసుకుంటున్నాం.

రెండోది 1996 బోర్డో, పోయాక్ ఊరిది. ఆ రాత్రికి పెళ్లికొడుకు అదేనని అందరం అనుకున్నాం. బిరడా రెండు ముక్కలైంది. అది పెద్ద విషయం కాదు, పాత బిరడాలకి మామూలే. స్క్రూ దింపేది కాకుండా, రెండు పక్కలా సన్నటి రేకులు దించి లాగే ఓపెనర్ ఉంటుంది, అది ఒకటి కొని పెట్టుకోండి. అసలు గొడవ వాసనతో వచ్చింది. ముసురు రోజుల్లో ఆరక ముక్కిపోయిన బట్టల వాసన, తడిసిన అట్టపెట్టె వాసన. మొదట ఎవరం నోరు విప్పలేదు. తెచ్చినాయన గ్లాసు తిప్పుతూనే ఉన్నాడు. చివరికి ఆయనే "పోయింది" అన్నాడు. బిరడాలో పుట్టే టీసీఏ అనే పదార్థం చేసే పని అది. లేశమాత్రం ఉన్నా చాలు, వైన్ చచ్చిపోతుంది. తాగితే ఒంటికి హాని లేదు, కానీ తాగబుద్ధి కాదు. గాలి తగిలితే తగ్గుతుందేమోనని అరగంట ఆగాం, ఇంకా ఘాటెక్కింది. ఏళ్ల తరబడి ఆయన దాన్ని బిడ్డలా చూసుకున్నాడు. ఎంత జాగ్రత్తగా దాచినా ఇదొక్కటి మన చేతిలో ఉండదు. ఇలాంటప్పుడు నవ్వి తీసిపారేయగలిగే మనుషులతోనే ఇలాంటి విందుకి కూర్చోండి. ఒక అదనపు సీసా కూడా దగ్గర పెట్టుకోండి.

మా అదనపు సీసా నేను తెచ్చిన 2004 రియోహా, స్పెయిన్‌లో ఆ పేరున్న ప్రాంతపు వైన్. అది కూడా తీసేశాం గానీ దాన్ని ఎవరూ తలుచుకోలేదు, ఎందుకంటే పక్కనే 1994 వీన్యా తోండోన్యా గ్రాన్ రెసెర్వా ఉంది. స్పెయిన్‌లో ఆరో అనే ఊళ్లో 1877లో మొదలైన లోపెజ్ దె ఎరెదియా కుటుంబ సంస్థ చేసే వైన్. ఫ్రాన్స్ తోటల్ని ఫిలాక్సెరా పురుగు తినేసిన రోజుల్లో బోర్డో వ్యాపారులు ఎర్ర వైన్ కోసం వెతుక్కుంటూ వచ్చింది ఈ ప్రాంతానికే. రియోహాలో గ్రాన్ రెసెర్వా అనిపించుకోవాలంటే కనీసం 5 ఏళ్లు నిల్వ ఉంచాలి, అందులో 2 ఏళ్లు ఓక్ పీపాల్లో. వీళ్లు అంతకంటే చాలా ఎక్కువ కాలం ఉంచుతారు. అమెరికా ఓక్ తెప్పించి పీపాలు కూడా సొంతంగానే చేసుకుంటారు. ఆ చెక్క వల్ల వచ్చే కొబ్బరి వాసన ఇందులో బాగా తెలుస్తుంది. నాకైతే అమ్మమ్మగారింట్లో ఎండుకొబ్బరి చిప్పలు దాచిన చెక్కపెట్టె మూత తీసినట్టు అనిపించింది. ఆ మాట తెలుగులోనే అనేశాను, పక్కనున్న గుంటూరు మిత్రుడు తలూపాడు, మిగతా నలుగురికీ అనువదించలేక చచ్చాం. కాల్చిన గొర్రెమాంసంతో తాగాం. గంటన్నర పాటు గ్లాసులో మారుతూనే ఉంది. చివరి గుక్క అన్నిటికంటే బాగుంది.

తిండి గురించి ఒక్కటే చెబుతాను. కారం, పులుపు వద్దు. మూడో ఏడాది మేం ఉత్సాహం కొద్దీ ఒక ఆంధ్రా రెస్టారెంటులో పెట్టుకున్నాం. గోంగూర మటన్ మహాద్భుతంగా ఉంది. దాని పక్కన పాత బోర్డో మాత్రం పెన్సిలు ముక్క నాకినట్టుంది. ఆ రోజు నిలబడింది కొంచెం తీపి ఉన్న జర్మన్ రీస్లింగ్ అనే తెల్ల వైన్ ఒక్కటే. కాబట్టి మన వంటతో పాత వైన్ తాగాలని ఉంటే అది తీసుకోండి.

నవంబరు విందు కూడా రీస్లింగ్‌తోనే ముగిసింది. మోసెల్ నది ఒడ్డున, వేలెన్ ఊరి పలకరాళ్ల వాలులో పండిన 2001 ఔస్లేజె (బాగా పండిన గుత్తులు ఏరి చేసే రకం). పోయగానే గుప్పున పెట్రోల్ బంకు వాసన! మొదటిసారి తాగేవాళ్లు కంగారుపడతారు, పాత రీస్లింగ్‌కి అది సహజమే. తీపి కాలంతో పాటు లోపలికి ఇంకిపోయినట్టుంటుంది, పులుపు పదునుగా నిలబడి ఉంటుంది. ఆల్కహాలు 8 శాతం లోపే. నీలం మచ్చల చీజ్‌తో అది తాగుతూ దాదాపు పదకొండున్నర దాకా కూర్చున్నాం.

లెక్కకొస్తే, 750 మిల్లీలీటర్ల సీసా ఆరుగురికి పంచితే తలా 125. నాలుగు సీసాలే చాలా ఎక్కువ. బ్రిటన్ ప్రభుత్వ సలహా వారానికి 14 యూనిట్లు (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాలు) మించొద్దని, మాకు అందులో సగం దాకా ఒక్క పూటలోనే అయిపోయింది. మంచినీళ్లు తాగుతూ ఉండండి, కారు ఇంట్లో వదిలి రండి.

వచ్చే శనివారం మళ్లీ కలుస్తున్నాం. ఈసారి నా వంతు. 2001 బరోలో ఒకటి నిన్న రాత్రే బీరువా అడుగు అరలో నిలబెట్టాను, మా ఆవిడ చీరల పెట్టె దానికి తగలకుండా పక్కకి జరిపి.