కావలి నుంచి ఓపెన్ సోర్స్ మహిళా బృందాల్లో చేరాలంటే

కావలిలో బీటెక్ రెండో సంవత్సరం, ఓపెన్ సోర్స్‌లో (అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌లో) పనిచేయాలని ఉంది, ఆడవాళ్ల బృందాలు ఏవి, ఫోన్ నంబరు బయటపడకుండా చేరేదెట్లా అని అడిగారు. భద్రత సంగతి ముందు చూడండి, అది తర్వాత సరిదిద్దుకోగలిగేది కాదు.

నంబరు కన్నా ముందు బయటపడేది ఈమెయిల్. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో ప్రతి కమిట్‌లోనూ, అంటే నమోదయ్యే ప్రతి మార్పులోనూ, మీ పేరు, ఈమెయిల్ ఉంటాయి. అందరికీ కనిపించే రిపోలోకి (కోడ్ నిల్వలోకి) పుష్ అయ్యాక, అంటే ఎక్కించాక, మీరు మార్చుకున్నా, వేరేవాళ్లు తీసుకున్న నకళ్లలో (ఫోర్కులు, క్లోన్లు) పాతదే ఉండిపోతుంది. కాబట్టి మొదటి కమిట్ కంటే ముందే, కోడ్ దాచే సైటైన గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఈమెయిల్స్ పేజీకి వెళ్లి, అడ్రసు ప్రైవేటుగా ఉంచే ఆప్షను, అసలు అడ్రసుతో వచ్చే పుష్‌ను ఆపే ఆప్షను రెండూ ఆన్ చేయండి. అక్కడ కనిపించే నోరిప్లై అడ్రసును (అసలుదానికి బదులు గిట్‌హబ్ ఇచ్చేది) లాప్‌టాప్‌లో గిట్ కాన్ఫిగ్‌లో పెట్టండి. చాలామంది మరిచిపోయేది ఈ చివరి పనినే. అప్పుడు సైటులో దాచినా కమిట్‌లో పాత అడ్రసే నమోదవుతుంది, ఆ పుష్‌ను గిట్‌హబ్ ఆపేస్తుంది.

ఇక చాట్ సంగతి. టెలిగ్రామ్‌లో ప్రైవసీ సెట్టింగుల్లో ఫోన్ నంబరును ఎవరికీ కనిపించకుండా పెట్టుకోవచ్చు. మాట్రిక్స్ అనే చాట్ వేదికలో ఖాతాకు నంబరే అక్కర్లేదు, నేను ముందు దాన్నే ఎంచుకోమంటాను. మెయిలింగ్ లిస్టుల పాత ఉత్తరాలు చాలావరకు అందరికీ కనిపిస్తాయి. వాటికి విడిగా ఒక మెయిల్ తెరవండి, సంతకంలో కాలేజీ పేరు, ఊరు పెట్టొద్దు.

ఇక బృందాలు. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టులో 2004లో మొదలైన డెబియన్ ఉమెన్, పైథాన్ వాడే ఆడవాళ్ల కోసం 2011లో మొదలైన పైలేడీస్ రెండూ పేరున్నవే. పైథాన్ వస్తే పైలేడీస్, లినక్స్ మీద మనసుంటే డెబియన్. ఒక్కదాన్నే పట్టుకోండి. పది చోట్ల చేరి ఎక్కడా నోరు విప్పకపోతే నెలకల్లా ఆసక్తి చచ్చిపోతుంది. చెన్నైలో మీటప్‌కని పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లినా, ఆ బండి మధ్యాహ్నమే తిరుగుముఖం పడుతుంది, అందుకే మనకు ఆన్‌లైనే దారి. సమావేశం వేళలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇస్తారు, అయిదున్నర గంటలు కలుపుకోండి: 15:00 అంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. అమెరికా గడియారం ప్రకారం నడిచేవి మార్చిలో, నవంబరులో గంట అటూఇటూ అవుతాయి.

మొదటి పనిగా తెలుగు అనువాదం తీసుకోమని గట్టిగా చెబుతాను. ఫైర్‌ఫాక్స్ అనువాదం పాంటూన్ అనే అనువాద సైటులో, బ్రౌజర్లోనే సాగుతుంది, పాత లాప్‌టాప్ చాలు. ఫ్లవర్ బ్రాకెట్లలో డాలర్ గుర్తుతో ఉండే పేర్లను తెలుగు చేయకండి, అక్కడ ప్రోగ్రామ్ అంకెనో పేరునో నింపుతుంది, చెడితే ఆ వాక్యమే తప్పుగా కనబడుతుంది. 'ఫైర్‌ఫాక్స్'లో ర్ తర్వాత కనబడని విడదీత అక్షరం, జడ్‌డబ్ల్యూఎన్‌జే, పెట్టాలి. లేకపోతే ఫా వత్తుగా ర కిందికి దిగుతుంది. డౌన్‌లోడ్ అనాలా దింపుకోలు అనాలా అని మీరొక్కరే తేల్చేయకండి, ముందు చేసిన అనువాదాల్లో ఏది వాడారో వెతికి అదే వాడండి. మీ సూచన సమీక్షకులు ఆమోదించేదాకా వేచి ఉంటుంది. వారం గడిచినా కదలిక లేకపోతే లింకు పెట్టి ఒకసారి అడగొచ్చు.

సాయం అడిగేటప్పుడు 'గైడ్ చేస్తారా' అంటే జవాబు రాదు. ఏ కమాండ్ ఇచ్చారు, ఏ ఎర్రర్ వచ్చింది, ఏ వెర్షన్ అనేవి పూర్తిగా రాయండి.

జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్ కావాలంటే అవుట్‌రీచీ ఉంది, మూడు నెలలకు 7000 డాలర్లు. అయితే వారానికి 30 గంటలు కావాలి. దరఖాస్తులో కాలేజీ సెమిస్టరు తేదీలు అడుగుతారు, పరీక్షల తేదీలు దాచకండి. మొదటి దరఖాస్తు దాటాక నెలరోజుల పాటు మీరు ఎంచుకున్న ప్రాజెక్టుకు నిజంగా పనిచేసి చూపాలి. ముందే గిట్ చేతికి అలవాటైనవాళ్లకే ఆ నెల సరిపోతుంది.

ఎవరైనా ప్రైవేటు మెసేజిల్లో విసిగిస్తే జవాబివ్వకుండా తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. ఆ ప్రాజెక్టు ప్రవర్తనా నియమావళి పేజీలో ఫిర్యాదుకు ఇచ్చిన అడ్రసుకు ఆ స్క్రీన్‌షాట్ పంపండి.